పళ్లు ‘తోమడం’ అనే మాటలోనే ఉన్న తిరకాసు: పాచి, ఫ్లోరైడ్, ఫ్లాస్ గొడవల వెనక సంగతి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ నడిచే చర్చలు మూడే. నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, సంక్రాంతికి బస్సు టికెట్లు ఎవరికి దొరికాయి, ఈసారి ఆవకాయ ఎవరి ఊరి నుంచి వస్తోంది. 2025లో అమెరికాలోని యూటా రాష్ట్రం కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడాన్ని నిషేధించాక నాలుగోది మొదలైంది. “ఫ్లోరైడ్ విషం, ఆ పేస్ట్ మానేయండి” అని ఎవరో ఫార్వర్డ్ పెట్టారు. “మా ఊళ్లో ఫ్లోరైడ్ ఏం చేసిందో కళ్లారా చూసినదాన్ని. మా పిల్లలకి ఆ పేస్ట్ కొనను” అని కనిగిరి నుంచి వచ్చిన అక్క ఒకావిడ రాశారు. ఆ కిందే ఐటీ కుర్రాడొకడు: “మా డెంటిస్ట్ ఫ్లోరైడ్ పేస్టే వాడమన్నారక్కా. రోజూ ఫ్లాస్ (పళ్ల సందుల్ని దారంతో తుడవడం) కూడా చెయ్యమన్నారు. కానీ ఫ్లాస్ వల్ల లాభం లేదని అమెరికావాళ్లే తేల్చేశారట కదా?”

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. రెండు వేర్వేరు జబ్బుల్ని, మూడు వేర్వేరు పనిముట్లని ఒకే మూటలో కట్టి మాట్లాడుకున్నారు, అంతే. ఆ మూట విప్పి చూద్దాం.

పాచి, గార: పేర్లలోనే సగం జవాబు

నిద్ర లేచిన మొహాన్ని మనం పాచిమొహం అంటాం. వానాకాలంలో బావిగట్టు మీద కాలు జారేలా చేసేదీ పాచే. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టినవాళ్లు మైక్రోస్కోప్ చూసి ఉండరు గానీ, సరిగ్గానే పెట్టారు. పంటి మీది పాచి అంటే తిండి మిగులు కాదు. బ్యాక్టీరియా ఒకదానికొకటి అంటుకుని, తమ చుట్టూ జిగురు అల్లుకుని, పంటిని కరుచుకుని బతికే పలుచని పొర. శుభ్రంగా తోముకున్న పన్ను మీద కూడా కొన్ని గంటల్లోనే మళ్లీ మొదలవుతుంది.

బావిగట్టు మీద బిందెడు నీళ్లు కుమ్మరించినా పాచి పోదు. చీపురు పట్టి రుద్దితే పోతుంది. నోట్లోనూ అంతే. పుక్కిలిస్తే అన్నం మెతుకులు పోతాయి, పాచి పోదు. మౌత్‌వాష్ కూడా పైపొరను తాకుతుందే తప్ప ముదిరిన పాచిని పెకలించలేదు.

కదపకుండా వదిలేసిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరి గట్టిపడతాయి. ఒకటి రెండు రోజుల్లోనే ఈ గట్టిపడటం మొదలుకావచ్చు. దాన్నే మనం గార అంటాం. గోడకు పూసే సున్నపు గారకీ ఇదే పేరు, అది కూడా కాల్షియం సరుకే. పాచి బ్రష్‌కు లొంగుతుంది, గార లొంగదు. ఇంట్లో చేసే పని అంతా పాచి గార కాకముందే జరగాలి.

పేర్లు ఇంత చక్కగా కుదిరినా, క్రియ మాత్రం మనల్ని తప్పుదారి పట్టించింది. పళ్లు ‘తోముకుంటాం’. అంట్లూ ‘తోముతాం’. అడుగంటిన గిన్నెకి బలం కావాలి, గరుకు పొడి కావాలి. పాచికి ఆ రెండూ అక్కర్లేదు. అది మెత్తని పొర, మెత్తని కుచ్చుకే కదులుతుంది. బలంగా అడ్డంగా రుద్దేవాళ్ల పళ్లు చూడండి, చిగురు కిందికి దిగి, పంటి మొదట్లో గొడ్డలితో కొట్టినట్టు చిన్న గాట్లు కనిపిస్తాయి. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటుంది. ఇటుక పొడి, బొగ్గు, కచిక, ఉప్పు తరతరాలుగా చేసిన పని ఇదే. ఆ బొగ్గే ఇప్పుడు నల్ల పేస్టు రూపంలో మాల్ అరల్లోకి ఎక్కి నాలుగు రెట్ల ధర పలకడం వేరే సంగతి.

పందుంపుల్ల మాత్రం ఈ జాబితాలో చేరదు. నమిలి కుచ్చు చేసుకున్న వేపపుల్ల, కానుగపుల్ల పాచిని బాగానే కదుపుతాయి. చిక్కల్లా దవడ పళ్ల లోపలి వైపు, నాలుక పక్కకి ఉండే వైపు, అది సరిగ్గా అందకపోవడమే. ఇంకొకటి, దానిలో ఫ్లోరైడ్ ఉండదు. అది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ముందు జబ్బుల సంగతి తేలాలి.

పిప్పిపన్ను ఒక కథ, చిగుళ్ల జబ్బు మరో కథ

పాచిలోని కొన్ని బ్యాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ వాటిలో పేరుమోసినది. నోటి పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందికి పడితే పంటి పైపొర, స్కూలు పుస్తకాల్లో పింగాణి అని చదువుకున్న ఎనామిల్, కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాన్ని తిరిగి నింపుతుంది. రోజంతా ఈ తీసివేత, కూడిక నడుస్తూనే ఉంటాయి. తీసివేత ఎక్కువైతే పిప్పిపన్ను.

ఇక్కడ చక్కెర ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది పెద్ద లెక్క. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే పీహెచ్ పడిపోతుంది, మామూలు స్థాయికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆఫీసులో పనిచేసే అన్న ఒకాయన రోజుకు ఐదుసార్లు కింద దర్శినిలో (నిలబడి తినే చిన్న హోటల్లో) బై టూ కాఫీ తాగుతాడనుకుందాం. ప్రతిసారికీ 40 నిమిషాలు వేసుకున్నా 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు అతని పళ్లు ఆమ్లంలో ఉన్నట్టే. అదే చక్కెరని మధ్యాహ్నం భోజనంలో పాయసంగా ఒక్కసారే తిన్నాయన పళ్లకి ఆ దెబ్బ ఒక్కటే. ఒక కప్పుని లాప్‌టాప్ పక్కన పెట్టుకుని గంటసేపు చప్పరించేవారి పరిస్థితి అన్నిటికంటే కష్టం, ఎందుకంటే పీహెచ్ కోలుకునే వ్యవధే ఉండదు. ఎంత గొప్పగా బ్రష్ చేసినా ఈ లెక్క పూర్తిగా మారదు.

చిగుళ్ల జబ్బుకి చక్కెరతో ఇంత నేరుగా సంబంధం లేదు. పన్ను, చిగురు కలిసే అంచున పాచి రోజుల తరబడి కదలకుండా ఉంటే శరీరం దాని మీద యుద్ధం ప్రకటిస్తుంది. ఆ యుద్ధమే వాపు, ఎరుపు, రక్తం. 1965లో హెరాల్డ్ లో అనే పరిశోధకుడు, తోటివారు డెన్మార్క్‌లో చేసిన ప్రయోగం దీన్ని తేల్చింది. ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మందిని పళ్లు తోముకోవడం మానెయ్యమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో తగ్గిపోయాయి.

“బ్రష్ పెడితే రక్తం వస్తోంది, అందుకే ఆ పక్క ముట్టుకోవడం లేదు” అనేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ ప్రయోగం ప్రకారం చూస్తే అది తిరగబడిన తర్కం. చాలావరకు ముట్టుకోకపోవడం వల్లే రక్తం వస్తోంది. అలాగని ప్రతి రక్తం చుక్కా అదే అనలేం. షుగర్ వ్యాధి, గర్భం, కొన్ని మందులు కూడా చిగుళ్లని సున్నితం చేస్తాయి. రెండు వారాలు శ్రద్ధగా శుభ్రం చేసినా ఆగకపోతే అది డాక్టరు చూడాల్సిన కేసు. పొగ తాగేవాళ్లలో మరో చిక్కు ఉంది. నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి లోపల జబ్బు ముదురుతున్నా పైకి రక్తం అంతగా రాదు. చిగుళ్లు భేషుగ్గా ఉన్నాయనుకుంటారు.

కాబట్టి చిగుళ్ల కోసం పాచిని కదపాలి. పిప్పి ఆగాలంటే దానికి తోడు తీపి విడతలు తగ్గాలి, ఫ్లోరైడ్ అందాలి. బ్రష్ కుచ్చు చేసే పని వేరు, దాని మీద పేస్ట్ చేసే పని వేరు. గ్రూపులో గొడవ సగం ఇక్కడే తేలిపోతుంది. మూలికల పేస్టుతో చిగుళ్లు బాగుపడ్డాయని ఒకరంటే నిజమే కావచ్చు, బాగుచేసింది బ్రష్. ఆ అనుభవం పిప్పిపళ్ల గురించి ఏమీ చెప్పదు.

రెండు నిమిషాల్లో ఒక్కో పన్నుకి వచ్చే వాటా

రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు అనే మాట అందరూ విన్నదే. జ్ఞానదంతాలు తీసేస్తే పెద్దవాళ్లకి 28 పళ్లు. 120 సెకన్లని పంచితే ఒక్కో పన్నుకి నాలుగు సెకన్ల పైచిలుకు. బ్రష్‌కి అందే ముఖాలు మూడు: బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు. అంటే ఒక్కో ముఖానికి సెకనున్నర కూడా రాదు. ఫోన్ చూస్తూ నలభై సెకన్లలో ముగించేవాళ్ల వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి. పైగా ఆ నలభైలో ముప్ఫై ముందు పళ్లకే పోతాయి, అద్దంలో కనబడేవి అవే కదా.

డెంటిస్టులు చూపించే పద్ధతిని బాస్ పద్ధతి అంటారు. చార్లెస్ బాస్ అనే అమెరికన్ వైద్యుడి పేరు మీద వచ్చింది. బ్రష్‌ని చిగురు అంచు మీదికి 45 డిగ్రీల వాలుగా పెట్టి, చిన్నగా కదిపి, ఆ అంచు కింద దాక్కున్న పాచిని లేపడం దాని సారం. కరెంటు బ్రష్‌ల సంగతికొస్తే, వైద్య పరిశోధనల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2014లో చేసిన సమీక్షలో మూడు నెలల తర్వాత మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం, చిగుళ్ల వాపు 11 శాతం తక్కువ కనిపించాయి. తేడా ఉంది, ఆకాశమంత లేదు. చేతులు వణికే పెద్దవాళ్లకి మాత్రం చాలా సాయం.

కాఫీకి ముందా, టిఫిన్ తర్వాతా?

మన ఇళ్లలో పాచినోటితో మంచినీళ్లు తాగినా అమ్మ ఊరుకోదు. ఇంటర్నెట్‌లో మాత్రం టిఫిన్ తర్వాతే బ్రష్ చెయ్యమని వాదించేవాళ్లు చాలామంది. వాళ్ల తర్కం ఏమిటంటే, తిన్న తర్వాత మిగిలినదంతా ఒకేసారి పోతుంది కదా అని. ముందే మేలన్నవారి తర్కం, రాత్రంతా పెరిగిన పాచి పోతే చక్కెర వచ్చినా ఆమ్లం చేసే మూక పలుచగా ఉంటుంది, పైగా ఫ్లోరైడ్ పూత ముందే పడుతుంది అని. రెండింటిలోనూ పస ఉంది. తేడా వచ్చేది పులుపు దగ్గర. మామిడికాయ ముక్క తిన్నాక పళ్లు పులుస్తాయి కదా, ఆ సమయంలో ఎనామిల్ పైపొర మెత్తబడి ఉంటుంది. అప్పుడే రుద్దితే అరిగే అవకాశం ఎక్కువ. అందుకే నిమ్మరసం, పండ్లరసం లాంటివి తాగాక అరగంట ఆగమంటారు. కాఫీకి ముందు తోముకునే మన అలవాటుకి ఆ ఎదురుచూపు అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో అమ్మ గెలిచినట్టే.

రాత్రి బ్రష్ విషయంలో వాదన లేదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. ఆమ్లాన్ని విరిచే కాపలాదారు డ్యూటీ దిగినట్టన్నమాట. అయితే ‘రాత్రి’ అంటే గడియారం కాదు. వైట్‌ఫీల్డ్‌లో అమెరికా షిఫ్టు చేసి తెల్లవారుజామున నాలుగింటికి బిర్యానీ తిని పడుకునే కుర్రాడికి రాత్రి అంటే అదే. అతను తొమ్మిదింటికి ఆఫీసుకు బయల్దేరేముందు తోముకున్నది రాత్రి బ్రష్ కిందికి రాదు.

మనవాళ్లకి మింగుడుపడని సంగతి ఇంకొకటి. బ్రష్ చేశాక చెంబు నీళ్లతో పుక్కిలించకుండా నురగ ఉమ్మేసి ఊరుకోమని బ్రిటన్ ఆరోగ్యశాఖ చెప్తుంది. పుక్కిలిస్తే పంటి మీద నిలవాల్సిన ఫ్లోరైడ్ సింకులోకి పోతుందని కారణం. వినగానే నాకూ వెలపరం అనిపించింది. నాలుక బద్దతో గీసుకుని, వీధంతా వినబడేలా కాండ్రించి, నాలుగుసార్లు పుక్కిలిస్తే తప్ప మనకి నోరు శుభ్రమైనట్టుండదు. ఆ తంతులో నాలుక గీసుకోవడం మంచి అలవాటే, నోటి దుర్వాసన చేసే గంధకపు వాయువులు ఎక్కువగా నాలుక వెనక భాగం నుంచే వస్తాయి. ఆ పని పేస్టుకి ముందే అయిపోతే రెండు పద్ధతులకీ గొడవ ఉండదు.

కనిగిరి అక్క భయం ఎంతవరకు నిజం?

ఆవిడ భయం ఊరికే పుట్టలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లకీ ఎముకలకీ వచ్చే జబ్బు) తొలిసారి వైద్య పత్రికకెక్కింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి. ఆ రోజుల్లో కనిగిరి, దర్శి, పొదిలి నెల్లూరు జిల్లాలోవే. నల్గొండ సంగతి చెప్పనే అక్కర్లేదు, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. బెంగళూరుకి దగ్గర్లో తెలుగు మాట్లాడే బాగేపల్లి, పావగడ, కోలారు వైపు బోరు నీళ్లదీ అదే బాధ.

అమెరికా వార్తని ఇక్కడికి తెచ్చుకుంటే వచ్చే పొరపాటు ఇదే. అక్కడ గొడవ నీళ్లలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా అని. మన దగ్గర కుళాయి నీళ్లలో ఎవరూ కలపరు, ఉన్నది తియ్యలేక అవస్థ పడతాం. ఈ రెండూ కాక మూడోది పేస్టులో ఉండేది, పంటి మీద పూసి ఉమ్మేసేది.

నీళ్లతో కడుపులోకి వెళ్లిన ఫ్లోరైడ్, చిగురు లోపల తయారవుతున్న పంటిని పాడుచేస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లల్లో ఇది జరుగుతుంది. పన్ను పూర్తిగా తయారయ్యాక ఆ మచ్చలు కొత్తగా రావు. అంటే పెద్దయ్యాక బెంగళూరు వచ్చి పేస్టు మానేసినా, చిన్నప్పుడు ఊరి నీళ్లు వేసిన గోధుమరంగు చారలు పోవు. ఎముకల ఫ్లోరోసిస్ పెద్దవాళ్లకీ వస్తుంది, కానీ అది ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదు మింగితే వచ్చేది.

పైపూతగా ఫ్లోరైడ్ చేసేది దీనికి భిన్నం. కరిగిన ఎనామిల్ తిరిగి గట్టిపడేటప్పుడు ఫ్లోరైడ్ అందులో చేరితే, ఆ కొత్త పొర 5.5 దగ్గర కరగదు. పీహెచ్ 4.5 దాకా పడినా తట్టుకుంటుంది. దర్శిని అన్నకి ఆ ఒక్క అంకె తేడా చాలా పెద్దది.

మోతాదు లెక్క చూద్దాం. మన చట్టం ప్రకారం టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంతుందో ట్యూబు మీద రాయాలి. 1000 పీపీఎం అంటే గ్రాముకి ఒక మిల్లీగ్రాము. మూడేళ్లలోపు పిల్లలకి చెప్పే బియ్యపు గింజంత పేస్టు సుమారు 0.1 గ్రాము, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకి చెప్పే బఠానీ గింజంత అయితే 0.25 మిల్లీగ్రాము. రెండు పూటలా బఠానీ గింజంత వేసుకుని మొత్తం మింగేసినా అర మిల్లీగ్రాము. అదే లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు రోజుకి రెండు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. మన ప్రమాణాల ప్రకారం తాగునీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఓర్చుకోవచ్చు.

అక్క వాదనకి బలం ఉన్న చోటూ ఉంది. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పాములా వేస్తే అది దాదాపు ఒక గ్రాము. పండ్ల రుచి పేస్టుని మూడేళ్ల పిల్లాడు ఉమ్మడు, మింగుతాడు. ఇంట్లో తాగేదీ ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లే అయితే రెండూ కలుస్తాయి. అలాంటి చోట్ల తక్కువ ఫ్లోరైడ్ పేస్టు మేలనే డాక్టర్లున్నారు. 500 పీపీఎం దరిదాపుల్లో ఉండే పిల్లల పేస్టులు దొరుకుతాయి కూడా. అయితే 1000 కంటే తక్కువున్న పేస్టులు పిప్పిని ఆపుతాయనడానికి ఆధారాలు బలహీనం. కాబట్టి పేస్టు సంగతి తేలేముందు నీళ్ల సంగతి తేలాలి. కావేరి నీళ్లొచ్చే ఇల్లు వేరు, ఏడాదంతా ట్యాంకర్ మీద బతికే ఇల్లు వేరు. ఆ ట్యాంకర్ ఏ బోరులోంచి నింపుకొచ్చిందో మనకి తెలియదు, నీళ్లు పరీక్ష చేయిస్తే గానీ తేలదు. ఆర్వో ఫిల్టర్ ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది. కాచి చల్లార్చడం తియ్యదు సరికదా, ఆవిరైపోయిన నీళ్ల మేరకు చిక్కబరుస్తుంది.

మూరెడు దారం మీద ఇంత రభస ఎందుకు?

పంటికి ఐదు ముఖాలు. బ్రష్‌కి అందేవి మూడు. పక్క పంటికి ఆనుకున్న రెండు ముఖాలూ కుచ్చుకి అందవు. ఫ్లాస్ అనే దారం పుట్టింది వాటి కోసమే. ఇరుక్కున్న మాంసం పీచు తియ్యడానికి కాదు, ఆ పనికి పుల్ల చాలు. (పిన్నీసుతో కుట్టుకునే పెద్దమనుషులు ప్రతి పెళ్లి పందిట్లోనూ కనిపిస్తారు, ఆ ఊసు వదిలేద్దాం.) దారంతో చేసేది పాచి తుడవడం. సుమారు 45 సెంటీమీటర్లు తీసుకోమంటారు, అంటే ఇక్కడ పూలమ్మి కొలిచిచ్చే ఒక మూర. దాన్ని సందులోకి దించి, పంటిని నెలవంకలా చుట్టేలా వంచి, పైకీ కిందికీ తుడవాలి. తర్వాత ఆ పక్క పంటిని కూడా. సందులో రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే చిగురు తెగుతుంది, పాచి అలాగే ఉంటుంది.

2016లో అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ఫ్లాస్ మీద ఉన్న పరిశోధనలని తిరగేసి, ఆధారాలు బలహీనంగా ఉన్నాయని రాసింది. ఆ దేశపు ఆహార మార్గదర్శకాల కొత్త సంచికలో ఫ్లాస్ మాట అప్పటికే లేదు. మా గ్రూపు కుర్రాడు చదివింది ఆ కథే. 2019లో కాక్రేన్ సంస్థ పళ్ల సందులు శుభ్రం చేసే రకరకాల సాధనాల మీద జరిగిన 35 ట్రయల్స్ (మనుషుల మీద చేసే పరీక్షలు) చూసి, బ్రష్‌కి ఫ్లాస్ తోడైతే చిగుళ్ల వాపు కొంత తగ్గవచ్చు, కానీ ఈ మాట గట్టిగా చెప్పే స్థాయి ఆధారాలు లేవు అంది.

‘ఆధారం బలహీనం’ అన్న మాటని ‘పని చెయ్యదు’ అని చదువుకోవడంలోనే చిక్కు. ఆ ట్రయల్స్‌లో ఎక్కువ కొద్ది నెలలవే. పళ్ల సందుల్లో పిప్పి ఏళ్ల మీద కనబడుతుంది. పైగా దారం చేతికిచ్చి పంపిస్తే ఎంతమంది రోజూ, సరిగ్గా చేశారు? 2006లో వచ్చిన ఒక సమీక్ష ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. బడి ఉన్న రోజుల్లో నిపుణులే పిల్లల పళ్లకి ఫ్లాస్ చేసినప్పుడు 1.7 ఏళ్లలో పిప్పి ముప్పు 40 శాతం తగ్గింది. పిల్లలు తమంతట తాము చేసుకున్నప్పుడు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే దారం, చెయ్యి వేరు.

28 పళ్లకి పైన 13, కింద 13, మొత్తం 26 సందులు. ఒక్కోదానికి ఐదు సెకన్లు వేసినా రెండు నిమిషాల పైమాట. రోజంతా అలసి వచ్చినవాడికి అది చిన్న పనేం కాదు, మానేసినవాళ్లని నేను తప్పుపట్టను. పళ్ల మధ్య కాస్త జాగా ఉన్నవాళ్లకి, ముఖ్యంగా నలభై దాటి చిగుళ్లు దిగినవాళ్లకి, సందుల్లో దూర్చే బుల్లి బ్రష్‌లు దారం కంటే తేలిక. సీసాలు కడిగే బ్రష్‌ని అంగుళానికి కుదించినట్టుంటాయి. చాలామంది నిపుణులు అవి పట్టేచోట వాటికే మొదటి ఓటు వేస్తున్నారు. నీటిధారతో కొట్టే మిషన్లు క్లిప్పులు వేయించుకున్నవాళ్లకీ, బ్రిడ్జి కట్టించుకున్నవాళ్లకీ పనికొస్తాయి. పళ్లు బిగుతుగా ఉన్న పాతికేళ్లవాడికి ఇప్పటికీ దారమే దూరుతుంది.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయా?

ఎంత పద్ధతిగా చేసినా ఎక్కడో ఒకచోట పాచి తప్పించుకుంటుంది, గార కడుతుంది. కింది ముందు పళ్ల లోపలి వైపు అందుకు పేరుపడ్డ చోటు, లాలాజలపు గ్రంథుల నోళ్లు అక్కడే తెరుచుకుంటాయి కాబట్టి. ఆ గారని డాక్టరు పనిముట్టే తియ్యాలి. ఆ మాటెత్తగానే మా అత్తగారు “క్లీనింగ్ చేయించుకున్నాక మా అక్క పళ్లన్నీ కదిలిపోయాయి, సందులు కూడా పడ్డాయి” అంటారు. ఆవిడ చూసింది నిజమే. చిగుళ్ల జబ్బు అప్పటికే లోపలి ఎముకని తినేసింది. పళ్ల మధ్య గోడలా పేరుకున్న గార వాటిని ఒకదానికొకటి అతికించి పట్టుకుంది, వాచిన చిగురు సందుల్ని కప్పేసింది. గార తీశాక వాపు దిగింది. ఎప్పటినుంచో ఉన్న సందులు అప్పుడు బయటపడ్డాయి.